మాతృయంత్రాల తప్పొప్పులు

కుట్టుమిషను, నీటి పంపు, సైకిలు, మోటారుకారు - నిత్యజీవితంలో మనకు ఉపకరించే యంత్రాలన్నీ కర్మాగారాలలో మరికొన్ని యంత్రాల మీద తయారవుతాయి. లోహాన్ని తొలిచేవి, చెక్కేవి, సానపట్టేవి, మరలు కోసేవి అయిన ఈ యంత్రాలను మెషీన్ టూల్స్ అంటారు. ఇతర యంత్రాలకు జన్మనిచ్చేవి కనుక మనం వీటిని మాతృయంత్రాలు అనవచ్చును.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఈ మాతృయంత్రాలను చేసేవి ఏవి? అవి కూడా మాతృయంత్రాలే. తల్లిలోని వంకర బిడ్డకు సంక్రమించక తప్పదు గదా! వంకరగా నడిచే యంత్రం మీద చెక్కిన యంత్రం అంతకన్న వంకరగా నడవవలె. దాని మీద చేసినది ఇంకా వంకరగా నడవవలె. తరతరానికీ దోషం పెరుగుతూ పోవలసినదే. కాని జరిగినది ఇందుకు విరుద్ధం. గడచిన రెండు శతాబ్దాలలో యంత్రాల ఖచ్చితత్వం కొన్ని వందల రెట్లు పెరిగింది. ఇది ఎట్లా సాధ్యమైనది?

దోషం లేని యంత్రాన్ని ఎవరో ఒక మహాశిల్పి నిర్మించాడనీ, తక్కినవన్నీ దాని సంతానమనీ అనుకోరాదు. అట్టి యంత్రం ఎన్నడూ లేదు, నేడూ లేదు. మానవుడు సాధించినది వేరొకటి. దోషాన్ని దాగి ఉండనీయకుండా బయటకు లాగి, దానిని కొలిచే ఉపాయాలను అతడు కనిపెట్టాడు. ఇంత అని కొలువగలిగిన దోషాన్ని లెక్కలోనుంచి తీసివేయవచ్చును. ఈ విద్యకు సంబంధించిన కొన్ని ముఖ్యవిషయాలను పరిశీలిద్దాము.

మొదట మన కొలబద్ద సంగతి. మిల్లీమీటరును వేయి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాన్. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. జెట్ విమానపు యంత్రంలోని రెక్కలకు, కృత్రిమమైన మోకాలి కీలుకు, మోటారు యంత్రంలో ఇంధనాన్ని చిమ్మే పరికరానికి అనుమతించే తేడాలు కొన్నిచోట్ల పది మైక్రాన్ల లోపు, మరికొన్నిచోట్ల రెండు మూడు మైక్రాన్లు. అంటే మనం మాట్లాడుకొనే దోషాలు కంటికి కనిపించేవి కావు, వ్రేలికి తగిలేవి కావు.

ఇక యంత్రం ఎట్లా కదులుతుందో చూద్దాము. సామాన్యమైన మిల్లింగ్ యంత్రంలో ఒక బల్ల, ఒక కదురు ఉంటాయి. కదురుకు బిగించిన ఉలి గిరగిర తిరుగుతూ లోహాన్ని కోస్తుంది. బల్ల కుడి ఎడమలకు, ముందు వెనుకలకు కదులుతుంది. కదురు పైకి క్రిందికి కదులుతుంది. ఇవి మూడు అక్షాలు. వీటికి తోడు పనిముక్కను త్రిప్పే ఏర్పాటు ఒకటి, దానిని వంచే ఏర్పాటు మరొకటి ఉంటే అది పంచాక్షయంత్రం. విగ్రహాన్ని చెక్కే శిల్పి రాతి చుట్టూ తిరిగి అన్ని వైపులనుంచీ ఉలి వేసినట్లు, ఈ యంత్రం వంపు సొంపులున్న అనేక ఆకారాలను ఒక్క బిగింపులో చెక్కగలదు.

తిన్నగా నడవవలసిన ఒక్క బల్లను తీసుకోండి. అది తప్పు నడవడానికి ఎన్ని మార్గాలున్నవి? నిశ్చలమైన కాలువలో పోయే పడవను తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. పడవ చేరవలసిన దూరానికి కొంచెం ముందో వెనుకనో ఆగవచ్చును. దారి నుంచి ప్రక్కకు జరుగవచ్చును. నీటిమట్టంతోపాటు పైకి లేవవచ్చును, దిగవచ్చును. ఇవి మూడు జరుగుళ్ళు. ఇంకా, పడవ ఒక ప్రక్కకు ఒరగవచ్చును. ముక్కు ఎత్తి దించవచ్చును. ముక్కు కుడికో ఎడమకో త్రిప్పవచ్చును. ఇవి మూడు ఒరుగుళ్ళు. వెరసి ఒక అక్షానికి ఆరు దోషాలు. మూడు అక్షాలకు పద్దెనిమిది. అక్షాలు ఒకదానికొకటి సరిగా లంబంగా ఉండవలె గదా. ఆ లంబత్వంలో తేడాలు మూడు. మొత్తం ఇరవైయొకటి. మూడక్షాల యంత్రాన్ని గురించి మాట్లాడే ఇంజనీర్లందరికీ ఈ ఇరవైయొకటి అనే సంఖ్య కంఠస్థం. తిరిగే అక్షాలు రెండు చేరితే ఈ లెక్క నలభైకి మించుతుంది.

వీటిలో జరుగుళ్ళకన్న ఒరుగుళ్ళు ఎక్కువ అపాయకరమైనవి. డిగ్రీలో 3,600వ వంతును వికళ అంటారు. బల్ల ఒక్క వికళ మేరకు ఒరిగిందనుకొందాము. గాడి దగ్గర అది లేనట్లే. కాని ఆ గాడికి మీటరు ఎత్తున పనిముక్క ఉంటే, అక్కడ ఉలి సుమారు ఐదు మైక్రాన్లు తప్పుతుంది. దూరం పెరిగినకొద్దీ తప్పు పెరుగుతుంది. అందుచేతనే జర్మనీలోని యేనా నగరంలో కార్ల్ జైస్ సంస్థకు శాస్త్రీయంగా పునాదులు వేసిన ఎర్న్స్ట్ అబ్బే 1890లో ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. కొలవవలసిన పొడవూ, కొలిచే బద్దా ఒకే సరళరేఖలో ఉండవలె నన్నది దాని సారాంశం. ఆ రెంటికీ ఎడం ఉన్నంతమేరకు ఒరుగుడు దోషం కొలతలో చొరబడుతుంది. పెద్ద యంత్రాలలో ఈ సూత్రాన్ని పూర్తిగా పాటించడం సాధ్యం కాదు. కనుక ఒరుగుడు ఎంతో తెలుసుకొని తీరవలె.

తెలుసుకొనడం ఎట్లా? ఇక్కడనే చిక్కు. యంత్రం తాను ఎంత కదిలినదీ తన లోపలి బద్దనుబట్టి చెప్పుతుంది. ఆ బద్దే తప్పైతే, తప్పును ఒప్పు అనే చెప్పుతుంది. తాను చేసిన ముక్కను తానే కొలిచి "సరిగా ఉన్నది" అంటుంది. తన సాక్ష్యం తనకు పనికిరాదు. అందుచేత సాక్షిని బయటనుంచి తేవలె. లేదా, ఆ యంత్రంచేతనే నిజం చెప్పించే యుక్తి పన్నవలె.

ఈ యుక్తి మన వడ్రంగులకు చాలాకాలంగా తెలిసినదే. మూలమట్టం సరియైనదో కాదో ఎట్లా పరీక్షిస్తారు? పలక అంచుకు ఆనించి ఒక గీత గీస్తారు. మూలమట్టాన్ని బోర్లా త్రిప్పి, అదే బిందువునుంచి మరొక గీత గీస్తారు. రెండు గీతలూ కలిస్తే అది నిక్కమైన మూలమట్టం. విడిపోతే ఆ ఎడంలో సగం దాని దోషం. దీనికి మరొక మూలమట్టం అవసరం లేదు. తాపీపనివారు రసమట్టాన్ని అటుకొస ఇటు త్రిప్పి చూసేదీ ఇందుకే.

యంత్రశాలలోనూ ఇదే పద్ధతి. యంత్రపు నడక తిన్ననిదో కాదో చూడడానికి ఒక ఉక్కుబద్దను బల్లమీద పెట్టి, దాని అంచువెంట సూక్ష్మమైన కొలముల్లును నడుపుతారు. ఒకచోట ముల్లు 7 మైక్రాన్లు చూపిందనుకొందాము. అది యంత్రపు వంకరా, బద్ద వంకరా చెప్పలేము. రెండూ కలిసి ఏడు. ఇప్పుడు బద్దను బోర్లించి, ముల్లును రెండవవైపు ఆనించి మళ్ళీ నడుపుతారు. ఈసారి యంత్రపు వంకర మొదటివలెనే ఉంటుంది. బద్ద వంకర మాత్రం ఎదురు దిక్కుకు మారుతుంది. ముల్లు 3 చూపితే లెక్క తేలిపోయినట్లే. రెంటినీ కలిపి సగం చేస్తే 5 యంత్రానిది. తీసివేసి సగం చేస్తే 2 బద్దది. వంకర బద్దతో వంకర యంత్రాన్ని పరీక్షించి, దేని వంకర దానికి విడదీయగలిగినాము!

తిన్నని రేఖకు రెండు కొలతలు చాలినవి. సమతలానికి మూడు పలకలు కావలె. ఇంగ్లండు దేశస్థుడు జోసెఫ్ విట్వర్త్ 1840లో ఈ పద్ధతిని శాస్త్రజ్ఞుల ఎదుట వివరించాడు. రెండు ఇనుపపలకలకు రంగు పూసి ఒకదానిమీద ఒకటి రుద్ది, రంగంటిన మిట్టలను గీకుతూ పోతే అవి రెండూ చక్కగా అతుక్కొంటాయి. కాని అంతమాత్రాన అవి సమతలాలని నమ్మరాదు. ఒకటి గిన్నెవలె లోతుపడి, రెండవది బుడిపెవలె ఉబ్బినా అట్లాగే అతుక్కొంటాయి. ఇద్దరు కూడబలుక్కొని అబద్ధం చెప్పడం వంటిది ఇది. మూడవ పలకను తెచ్చి, ఏ రెంటిని జతచేసినా అతికేటట్లు గీకితే ఆ కూటమి సాగదు. ఒకటి గుంటైతే తక్కిన రెండూ ఉబ్బుగా ఉండవలె. ఆ ఉబ్బు రెండూ ఒకదానితో ఒకటి అతకవు. అడ్డంగా త్రిప్పి కూడా పరీక్షించితే మెలికలు సైతం పోతాయి. మూడూ పరస్పరం అతికినాయంటే మూడూ సమతలాలే. ప్రారంభంలో చదునైన వస్తువు ఒక్కటి కూడా లేకుండా చదును పుట్టింది. తల్లికన్న బిడ్డ మేలైనది కావడం ఎట్లా సాధ్యమో ఈ పలకలు తెలుపుతున్నవి.

విట్వర్త్ గురువు హెన్రీ మాడ్స్లీ అంతకుముందే తన లండను యంత్రశాలలో ఒక మరకొలతను నిర్మించి ఉంచాడు. అంగుళంలో పదివేలవ వంతును పట్టగల ఆ పరికరానికి ఆయన పెట్టిన ముద్దుపేరు లార్డ్ చాన్సలర్. ఆనాటి ఇంగ్లండులో అది అత్యున్నత న్యాయాధికారి పదవి. పనివారి మధ్య కొలతల తగవు వస్తే తుదితీర్పు దానిదన్నమాట.

నేడు ఆ పదవి కాంతికి దక్కింది. తరంగదైర్ఘ్యమనే మాట రేడియో శ్రోతలకు క్రొత్తది కాదు. మీడియం వేవ్ ప్రసారాల తరంగాల పొడవు సుమారు 200 నుంచి 550 మీటర్లు. కాంతి కూడా ఆ జాతి తరంగమే. కాని దాని పొడవు మైక్రాన్ లోపు. అమెరికా శాస్త్రజ్ఞుడు మైకెల్సన్ 1892-93 సంవత్సరాలలో పారిస్ సమీపాన సేవ్ర్ లో పరిశోధించి, మీటరులో కాడ్మియం ఎర్రకాంతి తరంగాలు సుమారు 15 లక్షల 53 వేలు ఇముడుతాయని తేల్చాడు. 1960లో మీటరును క్రిప్టాన్ కాంతి తరంగాలతో నిర్వచించారు. 1983 నుంచి కాంతివేగమే మీటరుకు ఆధారం.

యంత్రాన్ని పరీక్షించేటప్పుడు హీలియం-నియాన్ లేసరు కిరణాన్ని రెండుగా చీలుస్తారు. ఒక పాయ కదలని దర్పణానికి, రెండవ పాయ బల్లతోపాటు కదిలే దర్పణానికి పోయి తిరిగివచ్చి కలుసుకొంటాయి. కలిసినచోట వెలుగు, చీకటి మారిమారి వస్తాయి. ఈ కాంతి తరంగదైర్ఘ్యం 0.633 మైక్రాను. బల్ల అందులో సగం దూరం కదిలినప్పుడల్లా వెలుగు చీకట్ల ఆవృత్తి ఒకటి పూర్తి అవుతుంది. బల్ల ఒక మీటరు నడిస్తే అట్టివి సుమారు 31 లక్షల 60 వేలు. వాటిని ఎలెక్ట్రానిక్ పరికరం లెక్కపెడుతుంది. 1970లో హ్యూలెట్ పాకర్డ్ సంస్థ ఇట్టి ఉపకరణాన్ని కర్మాగారాలకు అందుబాటులోనికి తెచ్చిన తరువాత ఈ పరీక్ష వాడుకలోనికి వచ్చింది.

ఐతే ఇరవైయొక్క దోషాలను విడివిడిగా కొలవడం శ్రమతో కూడిన పని. యంత్రం ఆరోగ్యంగా ఉన్నదో లేదో త్వరగా తెలుసుకొనడానికి వైద్యుడు నాడిని చూసినట్లు ఒక పద్ధతి ఉన్నది. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలలో జేమ్స్ బ్రయన్ 1982లో దీనిని ప్రకటించాడు. సాగి ముడుచుకొనగల ఒక కడ్డీ. దానికి రెండు కొసలా ఉక్కు గోళీలు. ఒక గోళీ బల్లమీద, మరొకటి కదురువద్ద ఉంచి యంత్రాన్ని వృత్తం గీయుమంటారు. వ్యాసార్ధం ఎక్కడ ఎంత మారినదీ కడ్డీ లోపలి పరికరం నమోదు చేస్తుంది. ఆ తేడాలను ఎన్నో రెట్లు పెద్దవి చేసి బొమ్మ గీస్తారు. అక్షాల లంబత్వం చెడితే వృత్తం కోలగా మారి నలభైయైదు డిగ్రీల వాలులో సాగుతుంది. ఎటు త్రిప్పినా ఆ వాలు మారదు. అక్షాలను నడిపే మోటార్లలో ఒకటి వెనుకబడితే కూడా కోల ఏర్పడుతుంది. కాని వృత్తాన్ని ఎదురుదిశలో త్రిప్పితే ఆ వాలు రెండవ ప్రక్కకు మారుతుంది. మరకడ్డీకీ నట్టుకూ మధ్య వదులుంటే, దిశ మారే నాలుగుచోట్లా మెట్లు కనిపిస్తాయి. ఒక్క బొమ్మలో రోగాలు వేటికవి తెలుస్తాయి.

తిరిగే అక్షాలకు మరొక విధమైన పరీక్ష. బల్లమీద ఒక గోళాన్ని బిగించి, బల్లను కొంతకొంత త్రిప్పుతూ, కదురుకు తగిలించిన స్పర్శముల్లుతో గోళపు కేంద్రాన్ని ప్రతిసారీ కనుగొంటారు. తిరుగుడు అక్షం యంత్రం అనుకొన్నచోటనే ఉంటే కేంద్రం లెక్కప్రకారం పోతుంది. తప్పితే అక్షం ఎంత జరిగినదీ, ఎటు వాలినదీ దానినుంచి గణించవచ్చును.

దోషం తెలిసింది. దిద్దడం ఎట్లా? పూర్వం దీనికి లోహపు ఉపాయమే ఉండేది. మరకడ్డీలోని తప్పులను కొలిచి, వాటికి సరిగా ఎదురుగా మిట్టపల్లాలు చెక్కిన ఒక బద్దను యంత్రం వెంబడి బిగించేవారు. దానిమీద ప్రాకే మీట నట్టును రవ్వంత త్రిప్పుతూ తప్పును సరిదిద్దేది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోలండ్ 1880 దశకంలో అంగుళానికి 14,438 గీతలు గీసే యంత్రాన్ని నిర్మించినప్పుడు, దాని మరలో మిగిలిన దోషాన్ని ఇట్టి దిద్దుబాటుతోనే అణచాడు.

1952లో మసాచుసెట్స్ టెక్నాలజీ విద్యాలయం అంకెల ఆజ్ఞలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. అప్పటినుంచి కథ మారింది. చేయి తిరిగిన పనివాడు తన యంత్రపు వంకరను ఎరిగి, దానికి తగినట్లు చేతిని సవరించుకొనేవాడు. అంకెలను నమ్ముకొన్న యంత్రానికి ఆ ఎరుక లేదు. దానికి ఆ ఎరుకను కూడా అంకెలలోనే నేర్పవలె. అందుకని నేడు దోషాల పట్టికను యంత్రపు గణకంలో భద్రపరుస్తారు. 300 మిల్లీమీటర్లు నడవమంటే 300.006 నడిచే బల్లను 299.994 నడవమని గణకం ఆజ్ఞాపిస్తుంది. ఇరవైయొక్క దోషాలనూ కలిపి, యంత్రం తిరుగాడే ఆకాశంలో ప్రతి బిందువుకూ దిద్దుబాటు ఎంతో లెక్కగట్టి, ఉలి అక్కడికి పోయేలోపలనే సవరిస్తుంది.

ఈ విద్యకు రెండు హద్దులున్నవి. మొదటిది: ప్రతిసారీ ఒకేరీతిగా జరిగే తప్పునే దిద్దగలము. నేడు ముందుకు, రేపు వెనుకకు తప్పే యంత్రానికి ఏ పట్టికా పనికిరాదు. తప్పు నిలకడగా ఉండడం కూడా ఒక సుగుణమే! అందుచేత వదులును బిగించకుండా, అరిగిన గాడిని గీకకుండా అంకెలతోనే అంతా దిద్దుదామనుకొంటే సాగదు.

రెండవది ఉష్ణోగ్రత. కొలతలన్నిటికీ ప్రమాణంగా 20 డిగ్రీల సెంటిగ్రేడును 1931లో అంతర్జాతీయంగా అంగీకరించారు. ఒక్క డిగ్రీ పెరిగితే మీటరు పొడవుగల ఉక్కు సుమారు 11, 12 మైక్రాన్లు పెరుగుతుంది. మన వేసవిలో 40 డిగ్రీలున్న రేకులషెడ్డులో అదే బద్ద సుమారు 230 మైక్రాన్లు పెరుగుతుంది. అంటే మూడు వెంట్రుకల మందం. అల్యూమినియం దాదాపు రెట్టింపు పెరుగుతుంది. బద్దా ముక్కా రెండూ ఉక్కువై, రెండూ సమానంగా వేడెక్కితే నష్టం లేదు. ముక్క అల్యూమినియమైనా, కదురు ఒక్కటే కాగినా చిక్కు వస్తుంది. నాజూకైన పనులలో దోషాలలో నూటికి 40 నుంచి 70 పాళ్ళు వేడివల్లనే కలుగవచ్చునని బ్రయన్ 1990లో వ్రాసిన సమీక్షలో అంచనా కట్టాడు. కొలతల గదులను చల్లగా ఉంచడం మనుషుల సుఖం కొరకు కాదు.

మన దేశంలో ఈ విద్యకు పునాదులు చాలాకాలం క్రిందటనే పడినవి. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లో వెలసింది. బెంగుళూరులో హిందూస్తాన్ మెషీన్ టూల్స్ 1953లోను, మాతృయంత్రాల పరిశోధనకు కేంద్రసంస్థ 1962లోను ఏర్పడినవి.

ఈ సూక్ష్మాలన్నీ సామాన్యునికి ఎందుకని అడుగవచ్చును. కర్మాగారంలో ముక్క చెడినప్పుడు నేరం మొదట పనివాని మీద పడుతుంది. అతడు కొలత తప్పాడా, యంత్రం నడక తప్పిందా, మధ్యాహ్నపు ఎండ తప్పించిందా? కొలత లేనిచోట గొంతు పెద్దగలవాని మాటే నెగ్గుతుంది. దోషాలను వేరుచేసి కొలిచినచోట, దేని పాలు దానికి చెందుతుంది. మోకాలికి కీలు పెట్టించుకొన్న ముసలివాడు ఆ యంత్రాన్ని ఎన్నడూ చూడడు. దానిని ఎవరో ఒకరు నిష్పక్షపాతంగా పరీక్షించారన్న నమ్మకం మీదనే అతడు అడుగులు వేస్తాడు.

ఆ పరీక్ష ఒకసారి జరిపి ఊరుకొనేదీ కాదు. గాళ్ళు అరుగుతాయి, పునాది క్రుంగుతుంది, ఉలి ఎప్పుడో ఒకసారి ముక్కను ఢీకొంటుంది. నిరుటి పట్టిక ఈనాటి యంత్రానికి చెల్లకపోవచ్చును. అందుకనే మంచి యంత్రశాలలో యంత్రం ప్రక్కన దాని దోషాల పట్టికతోపాటు, దానిని కొలిచిన తేదీని కూడా వ్రాసి ఉంచుతారు.